చేదెక్కిన గడప

తప్పు ఎవరిదని అడిగితే నేరేడుగూడ ఇప్పటికీ రెండు జట్లుగా చీలిపోతుంది. కోడలు ఒక్కనాడైనా పసుపు నూరిన పాపాన పోయి ఉంటే అత్త పొరబడేదే కాదంటుంది ఒక జట్టు. కుండలో పచ్చగా కనిపించిందల్లా పసుపైపోతుందా అంటుంది రెండో జట్టు. ఆ శుక్రవారం పొద్దున్న నీలవేణికి మాత్రం జట్ల గొడవ లేదు. వెనక గదిలో ఖాళీ కుండ ముందు గొంతుక్కూర్చుని, ఏడవాలో నవ్వాలో తెలీక, అడుగున వేలు పెట్టి గీకి చూసుకుంది. వేలి చివర రవ్వంత పచ్చదనం అంటింది. అంతే మిగిలింది.

"అత్తా! ఈ కుండలోది ఏటి సేసినావు?"

సింగారమ్మ వాకిట్లోంచే జవాబిచ్చింది.

"పసుపుని ఏటి సేత్తారే? గడపకి రాసినాను. ఇన్నాళ్ళకి మా కోడలు సేత్తో పసుపు నూరినాదని మురిసిపోయి ఈదిలో అందరికీ పంచినాను కూడాను. తవిటిగాడి పెళ్ళానికి దోసెడు పెట్టినాను. నీ పేరు సెప్పుకుని రాసుకున్నారే!"

"అది పసుపు కాదత్తా. నా మందు."

"మందయితే మందని సెప్పాల. మూతెట్టి, మూతమీద రాయెట్టి, నోరు కుట్టేసుకుని డూటీకి ఎలిపోతే నాకేటి తెలుస్తాది? పసుపు వాసనొచ్చినాది, పసుపనుకున్నాను. ఇప్పుడేటి, గీకి ఇచ్చీమంటావా?"

వాసన రాక ఏం చేస్తుంది? బూజు పట్టకుండా అందులో పసుపు కలిపింది నీలవేణే. కరెంటు పోయి ఆఫీసులో ఫ్రిజ్జు చచ్చిపోతే, చల్లగా ఉంటుందని ఇంటికి తెచ్చి తడి ఇసుకలో కుండ పెట్టిందీ ఆమే. లేచి గుమ్మం దగ్గరకొచ్చింది. గడప నున్నగా, పచ్చగా, కుంకుమ బొట్లతో పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. దాన్ని గీకమని ఏ నోటితో చెబుతుంది?

"వద్దులే అత్తా. ఉండనీ," అంది.

నీలవేణి ఆ గూడలో పుట్టి, ఆ గూడలోనే మేనత్త కొడుకుని చేసుకుని, మధ్యలో పట్నం పోయి మొక్కల శాస్త్రం చదువుకొచ్చిన మనిషి. కొండ కింద మూలికల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఆ కుండలో పోయింది ఆమె మందొకటే కాదు, సింగారమ్మ మాట కూడా. అదేం మాటో తెలియాలంటే కొడిశపాల సంగతి తెలియాలి.

కొడిశపాల గుబురుగా పెరిగే పొద. బాగా ముదిరితే చిన్న మాను. తెల్లటి పూలు పూస్తుంది కాబట్టి చదువుకున్నవాళ్ళు గిరిమల్లిక అంటారు. ఆకు తుంచితే పాలు కారతాయి. దాని బెరడు కషాయం బంక విరేచనాలకి మందు. ఆ కొండల్లో వానాకాలమంటే ఊడ్పులు, పుట్టకొక్కులు, బంక విరేచనాలు. దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగితే జీపు రాదు, జీపు రాకపోతే ఆసుపత్రి లేదు. ఆసుపత్రి కట్టించాల్సినవాళ్ళు గెడ్డ మీద వంతెనే కట్టించలేదు. అందుకని ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు, సింగారమ్మ కాచే కషాయం, ఈ రెండే దిక్కు. ఆమె అత్త కాచింది, ఆ అత్తకి అత్త కాచింది. బెరడు తీయడానికి వాళ్ళకొక పద్ధతుంది. అరచేయి వెడల్పు పట్టీ, చెట్టుకి ఒక్క పక్కనే. మిగతా ఒళ్ళు చెట్టుది. ఒలిచే ముందు చెట్టుని నోటికొచ్చినట్టు తిట్టి, గొడ్డలి కామతో మొత్తడం కూడా ఉండేది కానీ, సింగారమ్మ కాలానికి ఆ ముచ్చట పోయింది. చెట్టుని తిట్టడమేమిటని గూడలో పిల్లలంతా నవ్వేవారు, నీలవేణితో సహా.

తర్వాత గోనెలతో మనుషులొచ్చారు. వాళ్ళకి అరచెయ్యి లేదు, మొల నుంచి మెడదాకా చుట్టూ ఒలిచేశారు. చుట్టూ ఒలిచిన చెట్టు నిలబడే చస్తుంది. చచ్చిపోయానన్న సంగతి ఆకులు రాలేదాకా దానికే తెలియదు. ఆ బెరడంతా పొడై, సీసాల్లోకెక్కి, సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ ఎక్కింది. ఆ బొమ్మ వేసినవాడికి ఆ ఆకు ఏ కొండదో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

కిందటి ఎండాకాలం కొండ మీద కొడిశపాలలు అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి. గూడంతా కూర్చుంది. ఇక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, కొండ మూసెయ్యాలి అంది నీలవేణి. మరి మందో అన్నారు జనం. అప్పుడు లేచింది సింగారమ్మ. "నా కోడలు బెరడు తెస్తాది. ఎలగ తెస్తాదో నాకు తెలీదు గాని తెస్తాది. వచ్చే ఏటి వానలకి తేకపోతే కొండ తెరండి. మొదటి గొడ్డలి నానే ఎడతాను," అంది. ఆమె మాటంటే గూడకి మాటే. కొండ మూసుకుంది.

ఆ బెరడు కోసం పెంచినదే కుండలోది. దాని పేరు తొడుగు.

*

బెరడు ఒలిస్తే కింద తడిగా, జారుగా సన్నటి పొర తగులుతుంది. చెట్టు ప్రాణం దాన్లోనే ఉంది. లోపలికి కర్ర, బయటికి బెరడు, రెండూ అదే నేస్తుంది. నీలవేణి ఆ పొరని గోటి మందాన తీసుకుని, గాజుపాత్రల్లో తిండి పెట్టి పెంచింది. అది గంజిలా చిక్కబడి, నురగలెత్తి, పొంగింది. ఆఫీసు పెరట్లో చుట్టూ ఒలిచేసిన ఒక కొడిశపాల చావుకి సిద్ధంగా ఉంటే, దాని ఒంటికి ఆ గంజి పులిమి గుడ్డ చుట్టారు. గుడ్డ విప్పిన రోజున ల్యాబులో పనిచేసే జమీలా వేసిన కేకకి కాపలావాడు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ మానిన చోట కొత్త చర్మం వచ్చినట్టు మానంతా లేత బెరడు తొడుక్కుని నిలబడి ఉంది!

నీలవేణీ, జమీలా ఒకరి చేతులొకరు పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి కూలబడ్డాక జమీలా చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. ల్యాబులో ఏదీ నోట్లో పెట్టకూడదని గోడ మీద బోర్డుంది. ఆ బోర్డు కిందే నిలబడి అందరూ నాకుతారు.

నీలవేణి ఆమె ముఖంకేసే చూస్తోంది. లక్షలు పోసి కొన్న యంత్రం ఉంది లోపల, కానీ జమీలా ముఖం కన్నా నమ్మకమైన మీటరు లేదు. కొడిశపాల నాలిక్కి తగిలితే మూతి ముడుచుకుపోవాలి, కళ్ళలో నీళ్ళు తిరగాలి.

జమీలా నమిలింది. ఇంకా నమిలింది. మింగేసింది.

"ఏంటే?"

"ఏం లేదక్కా. సొరకాయ తొక్కు. ఉప్పేసి పచ్చడి చేసుకోవచ్చు."

యంత్రం కూడా అదే చెప్పింది. మందు ఉన్నచోట గీత కొండలా లేవాలి, అది చెరువులా పడుకుంది. చేదు లేదు. చేదు లేదంటే మందు లేదు.

డైరెక్టరుగారికి అదేం పట్టలేదు. "బెరడు వచ్చిందా లేదా? వచ్చింది. బెరడు రప్పిస్తామన్నాం, రప్పించాం. ఫొటోలు పంపండి," అన్నాడు.

"దీంతో ఎవరి కడుపూ కట్టదు సార్."

"అది వేరే ప్రాజెక్టమ్మా."

నీలవేణి ఫొటోలు పంపలేదు. తిండి మార్చింది, వెలుతురు మార్చింది, మంచి ఎరువు పోసింది. పళ్ళెంలో తొడుగుకి దోమ వాలనివ్వలేదు. ఎంత ముద్దు చేస్తే అది అంత నున్నగా పెరిగింది, అంత చప్పగానూ పెరిగింది. మిగిలిన గంజిలో ఆఖరి వంతు ఆ కుండలోది. పళ్ళేల్లో నాలుగు ముక్కలు తప్ప తతిమ్మాదంతా ఆ శుక్రవారం గడపల పాలయింది.

*

నేరేడుగూడలో గడపలు కూడా కొడిశపాల కర్రవే. లోపలికొచ్చే రోగాన్ని గడప దగ్గరే ఆపేస్తుందని పాతకాలంవాళ్ళ నమ్మకం. అంత లావు మాను దొరకదు కాబట్టి రెండేసి ముక్కలు అతికి వేసేవారు. కర్ర ఏనాడో చచ్చింది, నిజమే. కానీ తొడుగుకి అది సొంత ఒళ్ళు. పైనుంచి వారంవారం కడిగే నీళ్ళు. కాళ్ళు కడుక్కునే నీళ్ళు. తొలకరి జల్లు.

వారం తిరిగేసరికి గడపలకి బెరడొచ్చింది.

గూడ గూడంతా విరగబడి నవ్వింది. తలుపు తీద్దామంటే రాదు, వేద్దామంటే పడదు. అతుకుల దగ్గర బెరడు ఉబ్బి, పిల్లి వీపులా లేచింది. ఒకరి గడపకి చిన్న చిగురు కూడా వేసింది. ముసలమ్మలు కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. నీలవేణి మొగుడు గోపన్న జీపు దిగి, తలుపు సగంలో ఇరుక్కుపోతే పక్కకి తిరిగి లోపలికొచ్చి, "మన ఇల్లు కడుపుతో ఉందేటే?" అన్నాడు.

సింగారమ్మ ఆనందానికి హద్దు లేదు. "సూసినావా నీలా? ఎండిపోయిన కర్ర ఒళ్ళు సేసినాది! లచ్చిందేవి నా సేతి పసుపుకి పలికినాది! నీ కుండ నాను పారబొయ్యలేదే, సోటుకి సేర్చినాను."

నీలవేణి ఉండబట్టలేక గోటితో చిన్న పొర తీసి నాలిక మీద పెట్టుకుంది. సొరకాయ తొక్కు. అత్త ముఖం అంత వెలిగిపోతుంటే ఆ మాట చెప్పలేకపోయింది. కానీ సింగారమ్మ కషాయం కాచే మనిషి, నోరు చూస్తే చేదో కాదో చెప్పగలదు.

"సప్పగుందా?"

నీలవేణి తలూపింది. సింగారమ్మ ఆకాశంకేసి చూసింది. కొండ నెత్తిన మబ్బులు కంబళి కప్పినట్టు దిగుతున్నాయి. చూరులోంచి గొడ్డలి తీసి, పదును చూసి, మళ్ళీ చూరులో పెట్టింది.

*

వానలు పట్టుకున్నాయి. గెడ్డ పొంగింది. గూడలో మొదట మంచం పట్టింది తవిటయ్య, సింగారమ్మకి మరిది వరస. నోరే కానీ కడుపు గట్టిది కాదు. సింగారమ్మ ఉప్పూ పంచదార నీళ్ళు తాగిస్తోంది. కషాయానికి డబ్బాలో బెరడు పొడి చిటికెడు కూడా లేదు. రేపు కొండ తెరుద్దామని వీధి అరుగుల మీద మాట మొదలైంది.

అలాంటి పొద్దున తవిటయ్య వేసిన కేక వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి వినిపించింది.

"వదినా! ఓ సింగారమ్మ వదినా! ఏటి రాయించినావే మా గడపకి? ఇసమా?"

అందరూ పరిగెత్తారు. తవిటయ్య గోడకి ఆనుకుని, కత్తి ఒక చేత్తో పట్టుకుని, నాలుక బయటపెట్టి గుడ్డతో తుడుచుకుంటున్నాడు. పెళ్ళాం ఎర్రమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏటయినాదిరా?" అంది సింగారమ్మ.

"సెంబట్టుకుని పరిగెడదామంటే తలుపు తెరుసుకోనేదు. గడప అడ్డం! కత్తెట్టి సెక్కినాను. సెక్కిన ముక్క నోట్లో ఎట్టుకున్నాను..."

"ఎందుకెట్టినావు? ఆకలా?"

"అలవాటు! పుల్ల కనిపిత్తే నోట్లో ఎడతాను, నీకు తెలవదా? థూ! పేగులు మెలెట్టీసినాది! యేపాకు దీని ముందర బెల్లం."

నీలవేణి అతని చేతిలో ముక్క లాక్కుంది. కొరికింది. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. మూతి ముడుచుకుపోయింది. అలాగే, ఆ వంకర మూతితోనే నవ్వడం మొదలుపెట్టింది. "చినమావా! నీ గడప బంగారం! అరచేయి వెడల్పు ఒలిచి ఇయ్యి. కాచి నీకే ఇస్తాం."

"నా గడప నాకే తాగించేత్తారా?"

"తాగు," అంది ఎర్రమ్మ. "ఇన్నాళ్ళూ దానిమీద కూకుని సారా తాగినావు. ఇప్పుడు దాన్ని తాగు."

తాగాడు. మర్నాటికి తేరుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు. కూర్చుంటూనే బీడీ అడిగితే ఎర్రమ్మ గడపకేసి చూపించి, "ఇంకో ముక్క ఎట్టమంటావా?" అంది.

కానీ ఒక్క గడప గూడంతటికీ ఏ మూలకి? నీలవేణి ఇల్లిల్లూ తిరిగి గడపలు గిల్లి నోట్లో పెట్టుకుంది. ఒకటీ రెండూ కొంచెం చేదు. మిగిలినవన్నీ చప్పన. అన్నిటికన్నా చప్పన సింగారమ్మ గడప. అదే గంజి, అదే కర్ర, అదే శుక్రవారం. ఒకటి విషం, ఒకటి సొరకాయ. ఎండా? రెండు గుమ్మాలూ తూర్పువే. నీళ్ళా? రెండిటికీ ఒకటే వాన.

అరుగు మీద కూర్చుని రెండు గుమ్మాలకేసీ చూస్తూ ఉండిపోయింది. సింగారమ్మ ఇంటికి ఎవరొచ్చినా గడప దగ్గర ఆగుతారు, కుడి కాలు ఎత్తి దాటుతారు, పెద్దవాళ్ళయితే ఒంగి కళ్ళకద్దుకుంటారు. పొరపాటున ఎవరి కాలైనా తగిలిందా, సింగారమ్మ నోట్లో పడి నలిగిపోతారు. ఆ గడప మీద ఇంతవరకూ ఈగ కూడా గట్టిగా వాలలేదు.

తవిటయ్య ఇంటి దగ్గర మేక గడప మీదకెక్కి గిట్టలు రుద్దుతోంది. ఎర్రమ్మ పొలం నుంచి వచ్చి కాలి బురద గడప అంచుకి బరబరా గీకింది. తవిటయ్య లోపల్నుంచి ఏదో అన్నాడు. ఎర్రమ్మ అంతకన్నా పెద్దది ఏదో అని తలుపు ధడాల్న గడపకేసి కొట్టింది. పడలేదని మళ్ళీ కొట్టింది.

నీలవేణి అరుగు మీంచి గెంతి, గోపన్నని జీపు తియ్యమంది.

"గెడ్డ పొంగినాది, జీపెక్కడికి ఎల్తాది?"

"గెడ్డ దాకా పోనీ. అక్కణ్ణించి తాడు పట్టుకుని దాటుతాను."

*

"చెప్పు తియ్యి," అంది నీలవేణి, తడిసి ముద్దై ల్యాబులోకి వస్తూనే.

జమీలా బెదిరిపోయింది. "నేనేం చేశానక్కా?"

"నిన్ను కాదు. దీన్ని కొట్టు," అంటూ పళ్ళెంలో మిగిలిన తొడుగు బెరడు ముందుకు తోసింది. "ఇన్నాళ్ళూ ముద్దు చేసి చెడగొట్టాం దీన్ని. హాయిగా పెరిగేదానికి చేదెందుకు? కొరికేవాడు లేడు, తొక్కేవాడు లేడు. ఎవరి మీద కోపం రావాలి దానికి?"

జమీలా చెప్పు తీసింది. "మా అత్తారింట్లో కోడళ్ళమంతా ఇంతేనక్కా. తొక్కితేనే చేదెక్కాం."

రెండు పళ్ళేలు పక్కన పెట్టి, మిగతా రెండు పళ్ళేల్లోవి బాదారు. విడిగా ఉంచినవాటికి పాట పెట్టారు కూడా. డైరెక్టరుగారు తలుపు తోసుకుని వచ్చేసరికి ఇద్దరు ఆడమనుషులు చెప్పులతో ప్రభుత్వ సొత్తుని కొడుతూ పడీపడీ నవ్వుతున్నారు. ఆయన తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు.

పొద్దూ మాపూ కొట్టారు. ఆపై కొరికి చూస్తే కొట్టినదానికి జమీలా మూతి ముడుచుకుంది. యంత్రం గీత చీమలపుట్టంత లేచింది. చీమలపుట్ట చాలు, దారి తెలిసింది. పళ్ళెంలోవి గూడలో ఒక్క కడుపుకి కూడా చాలవు, కొత్త గంజి పెంచాలంటే వానాకాలం దాటిపోతుంది. ఉన్నవల్లా గడపలే. గడపలన్నీ తొక్కాలి.

తొక్కమని సింగారమ్మకి చెప్పాలి! గెడ్డ దాటి వస్తూ నీలవేణికి అదే దిగులు. మోకాలంత ఉన్నప్పుడు తను గడప మీద నిలబడితే వీపు పగిలేలా కొట్టింది ఈ అత్తే. కొట్టి, తర్వాత ఆ గడపనే బతిమాలింది, పిల్లది తల్లీ, తెలీక తొక్కింది అని. అంత నమ్మకాన్ని కాలికింద వెయ్యమని అడగడం ఏ పళ్ళెంలో తేలే లెక్క?

*

గూడంతా సింగారమ్మ వాకిట్లో ఉంది. గొడ్డళ్ళు ఉన్నాయి. ఇంకో ఇద్దరు మంచం పట్టారు. నీలవేణి ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. జనం అందరూ సింగారమ్మకేసి తిరిగారు. గడప తొక్కకూడదని వాళ్ళందరికీ నేర్పింది ఆమే. ముందు ఆమె కాలు పడకపోతే ఏ కాలూ పడదు.

"లచ్చిందేవి మీద కాలెట్టమంటావేటే?" అంది సింగారమ్మ. గొంతు పెద్దది కాలేదు. అందుకే మరీ భయం వేసింది నీలవేణికి.

"అత్తా, గడప తొక్కుతావా, కొండ మీదకెళ్ళి మిగిలిన నాలుగు చెట్లూ ఒలుస్తావా? రెండిట్లో ఏది పాపమో నువ్వే చెప్పు."

"రెండూ పాపమే! పాపం కానిది కనిపెట్టమనే గదే నిన్ను సదివించినాం!"

సింగారమ్మ చూరులోంచి గొడ్డలి తీసి కొండవైపు రెండడుగులు వేసింది. ఆగింది. చేతిలో గొడ్డలి కామకేసి చూసుకుంది. మళ్ళీ చూసింది.

"ఒలే నీలా. మా అత్త దీంతో సెట్టుని మొత్తీది, తెలుసా? బూతులు తిట్టీది, నాలుగు మొత్తీది, ఇంటికొచ్చీది. మళ్ళీ వారం ఎల్లి, మొక్కి, అప్పుడు ఒలిసీది. రెండు నడకలెందుకని నాను ఆ తిట్లు మానీసినాను. మా అత్త కసాయం ఒక్క పూటకి కట్టీసీది. నాదయితే మూడు పూటలు తాగాల. నా సెయ్యి మంచిది కాదనుకున్నానే ఇన్నాళ్ళూ!"

నీలవేణి అత్త చేతిలోని కామ పట్టుకుని చూసింది. "మాక్కూడా తెలీలేదత్తా. మేమూ నవ్వేసి ఊరుకున్నాం."

"అంటే ముందు తిట్టాల, తరవాత మొక్కాల. వరస అదీ!" సింగారమ్మ గొడ్డలి అవతల పారేసింది. కాళ్ళు కడుక్కుంది. గడప ముందు నిలబడి చేతులు జోడించి, పెదాలు కదిపింది. ఏం చెప్పుకుందో ఎవరికీ వినపడలేదు. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ఒక కాలు ఎత్తి గడప మీద పెట్టింది, గుడ్డు మీద పెట్టినట్టు.

"అలగ కాదు వదినా!" అన్నాడు తవిటయ్య. "నొక్కు! మా ఎర్రమ్మలాగ నొక్కు!"

"కోపం రాందే ఎలగ తొక్కుతాన్రా?"

"కోపమే గదా గావాల? నీ సేత్తో కాసిన కసాయం కన్నా నా సారా మేలని ఊరంతా సెప్పినాను. మొన్న నీ కోడిపెట్ట పోనాది సూడు, అది గద్ద పని కాదు..."

"ఒరే తవిటిగా!" సింగారమ్మ రెండు కాళ్ళూ గడప మీద పడ్డాయి. "నా పెట్టని నువ్వు తిన్నావురా? గుడ్లెట్టే పెట్టరా అది! నీ కడుపు కాలా!" తిట్టుకో తొక్కు, తొక్కుకో తిట్టు. గడప కిరకిరలాడింది. మొదట పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్ళు, తర్వాత పక్కింట్లో మంచంపట్టిన ముసలాయన కూడా దగ్గుతూనే నవ్వాడు. ఎవరో డప్పు అందుకున్నారు. ఆడవాళ్ళు నడుం పట్టుకుని బారు కట్టారు. బారు ఒక ఇంటి గడప తొక్కి, పక్కింటి గడపకి పాకింది. వానలో, బురదలో, వీధి వీధంతా గడపల మీద ఆడింది. మొగుళ్ళ మీది కోపాలు, ఆడబిడ్డల మీది కోపాలు, రోడ్డు వేస్తామని ఓట్లు పట్టుకుపోయినవాళ్ళ మీది కోపాలు, అన్నీ గడపల్లోకి దిగాయి. ఆ చివరి కోపానికి వీధంతా కలిసి రెండుసార్లు తొక్కింది.

గెడ్డలో నీళ్ళు తీసేదాకా గొడ్డళ్ళు ఆపుతామన్నారు పెద్దలు. మంచంపట్టిన ఇద్దరికీ తవిటయ్య గడప మిగులు సరిపోయింది. గూడ పొద్దున్నే లేచి గడప తొక్కింది, పొలం నుంచి వచ్చి తొక్కింది. సింగారమ్మ మొదట తిట్టేది, తొక్కేది, సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టేది.

గెడ్డ నీళ్ళు తీసిన రోజు ఆమె తన గడప ముందు కూర్చుని కత్తితో ముక్క తీసింది. వాకిలి నిండా జనం. సింగారమ్మ ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ముఖంలో ఏమీ లేదు. ఇంకోసారి నమిలింది.

ముందు కుడి కన్ను మూసుకుపోయింది. తర్వాత మూతి. తర్వాత ముఖమంతా ఎండిన ఉసిరికాయలా ముడుచుకుపోయింది.

"థూ!" అంది. కళ్ళనీళ్ళు చెంపల మీదికి కారుతుంటే కోడల్ని మెడ పట్టి దగ్గరికి లాక్కుంది. "సేదే! ఒలే నీలా, సేదెక్కినాదే! నా తల్లి సేదెక్కినాది! థూ, థూ, ఎంత సేదో!" ఉమ్ముతూ, నవ్వుతూ, మళ్ళీ ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. గూడంతా తలో ముక్కా నమిలి ఉమ్ముతూ కేరింతలు కొట్టింది. చేదు తిని అంత సంబరపడిన ఊరు మరొకటి ఉండదు.

కొండ తెరవలేదు. ఇంకా మూసే ఉంది. గడపకి అరచేయి వెడల్పు పట్టీ, ఒక్క పక్కనే. ఆ రూలు గడపల మీదకీ వచ్చింది. కొండ మీద మిగిలిన కొడిశపాలలు పూలు పూస్తే గాలి తిరిగినప్పుడు వాసన గూడలోకి దిగుతుంది.

ఇప్పుడు శుక్రవారాలు సింగారమ్మ గడపకి పసుపు రాయదు. నిచ్చెన వేసుకుని గుమ్మం పైకమ్మీకి రాస్తుంది, బొట్లు కూడా అక్కడే. "కిందున్నది మందు, పైనున్నది అమ్మ," అంటుంది. గడపలు ఏటికేడూ ఒళ్ళు చేసి జానెడు లేచాయి. అసలే పొట్టి గుమ్మాలు.

మొన్న డైరెక్టరుగారు ఫొటోలు తీయించుకోడానికి వచ్చాడు. గడప ఎక్కి లోపలికి అడుగేసేసరికి నెత్తి పైకమ్మీకి టపీమని తగిలింది. బట్టతల మీద పచ్చగా పసుపు అంటింది. గోపన్న, జమీలా నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు.

సింగారమ్మ మాత్రం నవ్వలేదు. "దండం ఎట్టకుండా ఇక్కడ ఎవుడూ లోపలికి రానేడు బాబూ," అంది. "తల వంచీ. కాలు మాత్రం గట్టిగా ఎయ్యి."